మన పేర మనకు తెలియని బాకీ

తొలకరి పడగానే రైతునకు విత్తనములకు, ఎరువులకు సొమ్ము కావలెను. పట్టాదారు పాసుపుస్తకము తీసికొని బ్యాంకునకు పోవును. అక్కడి ఉద్యోగి కంప్యూటరులో చూచి, "మీ పేర వేరొకచోట బాకీ యున్నది, సిబిల్ బాగుగా లేదు, ఋణ మిచ్చుటకు వీలులేదు" అని చెప్పును. ఆ బాకీ యేదో రైతు ఎరుగడు. అదను దాటిపోవునను భయముతో అతడు వడ్డీ వ్యాపారి గడప తొక్కును. ఒక తప్పు పద్దు వలన ఒక కుటుంబపు ఏడాది కష్టము వడ్డీ క్రింద పోవుట ఇట్లు సంభవించును.

ఇట్టి చిక్కులో పడినవారు సలహా కొరకు వచ్చునది తరచుగా పంచాయతి సభ్యుల యొద్దకే. కావున ఈ విషయమును సభ్యులకు వివరింపదలచితిమి.

ఈ నివేదిక ఎక్కడినుండి వచ్చును?

బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తామిచ్చిన అప్పుల వివరములను, వాయిదాలు సకాలమున చెల్లుచున్నవో లేదో ఆ సంగతిని ఋణ సమాచార సంస్థలకు పంపుచుండును. 2005 నాటి ఋణ సమాచార సంస్థల నియంత్రణ చట్టము దీనికి ఆధారము. మన దేశమున ఇట్టి సంస్థలు నాలుగు కలవు. అవి ట్రాన్స్ యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2000 సంవత్సరమున ఏర్పడిన సిబిల్ పేరు జనుల నోట నిలిచినందున, ఏ సంస్థ నివేదికనైనను సిబిల్ అనియే పిలుచుచున్నారు. సిబిల్ స్కోరు 300 మొదలు 900 వరకు ఉండును.

ఈ సంస్థలు అప్పు లియ్యవు, వసూలు చేయవు. అప్పిచ్చినవారు పంపిన లెక్కను వ్రాసి యుంచును. అప్పిచ్చిన సంస్థ ఒప్పుకొననిదే ఆ పద్దును తమంత తాము మార్పజాలవు.

తెలియని బాకీకి కారణము లెవ్వి?

మొదటిది, తీరిన అప్పును తీరినట్లు నమోదు చేయకపోవుట. రెండవది, జామీను. మిత్రుని అప్పునకు సంతకము చేసి మరచిపోయిన వారు పెక్కుమంది. ఒడంబడికలో వేరుగా వ్రాసికొననిచో జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. మూడవది, ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారి లెక్కలు కలసిపోవుట. నాలుగవది, మన ఆధారు, పాన్ కార్డుల నకళ్లతో ఇతరులు మోసముగా అప్పు తీసికొనుట. అయిదవది, అసలు తీరినను స్వల్పమైన వడ్డీయో, రుసుమో మిగిలియుండుట.

బ్యాంకులు వసూలుకాని బాకీలను ఆస్తుల పునర్నిర్మాణ సంస్థలకు అమ్ముకొనుటయు కలదు. కావున ఎన్నడును వినని సంస్థ పేరు కనబడినంత మాత్రమున అది అబద్ధమని త్రోసిపుచ్చరాదు. మన పాత అప్పే చేతులు మారియుండవచ్చును.

చేయవలసిన పని

ఇట్టి బాకీ కనబడినపుడు భయపడి వెంటనే చెల్లించుటయు తప్పే, ఏమగునులే అని ఊరకుండుటయు తప్పే. కాగితము చూడనిదే ఒప్పుకొనరాదు, చెల్లింపరాదు, క్రొత్తగా దేనిమీదను సంతకము చేయరాదు.

ముందుగా నివేదికను తెప్పించుకొనవలెను. నాలుగు సంస్థలలో ప్రతి సంస్థయు ప్రతి మనిషికి ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశము. దానిలో అప్పిచ్చిన సంస్థ పేరు, ఖాతా సంఖ్య, అప్పు తేదీ, బాకీ మొత్తము, ఆ అప్పులో మన స్థానము, అనగా ఋణగ్రహీతయా, జామీనుదారుడా అనునది చూడవలెను.

పిమ్మట అప్పిచ్చిన సంస్థకును, ఋణ సమాచార సంస్థకును వ్రాతపూర్వకముగా అర్జీ పంపవలెను. మన సంతకము గల అప్పు పత్రము, జమా ఖర్చుల లెక్క చూపుమని అడుగవలెను. అప్పు తీరినచో రశీదులు, బాకీ లేదను ధ్రువపత్రము నకళ్లు జతపరచవలెను. అసలు పత్రములను ఎవరికిని ఇయ్యరాదు. అర్జీ చేరిన తేదీకి సాక్ష్యముగా రశీదో, ఫిర్యాదు సంఖ్యయో భద్రపరచుకొనవలెను.

ఆ తేదీ విలువ గొప్పది. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశము ప్రకారము ఫిర్యాదును 30 రోజులలో పరిష్కరింపవలెను. అందులో సరిచేసిన సమాచారము పంపుటకు అప్పిచ్చిన సంస్థకు 21 రోజుల గడువు. ఆలస్యమైనచో దినమునకు 100 రూపాయల వంతున ఫిర్యాదుదారునకు పరిహారము చెల్లింపవలెను. అర్జీని నిరాకరించినచో కారణము తెలుపవలెను.

30 రోజులైనను జవాబు రానిచో, వచ్చిన జవాబు న్యాయముగా లేనిచో, ఆలస్యము చేయక రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును. ఇందుకు రుసుము లేదు. 2022 సెప్టెంబరు నుండి ఋణ సమాచార సంస్థలు కూడ ఈ విధానము క్రిందికి వచ్చినవి. 14448 అను సంఖ్యకు ఫోను చేసి వివరములు తెలిసికొనవచ్చును. మోసముగా తీసికొన్న అప్పైనచో పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేసి దాని నకలును అర్జీకి జతపరచవలెను. ఫోను ద్వారా, అంతర్జాలము ద్వారా జరిగిన మోసములకు 1930 సంఖ్య కలదు.

బాకీ నిజమైనచో

విచారింపగా అప్పు నిజమని తేలిన యెడల దానిని తీర్చుటయే మార్గము. కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకొను ఒప్పందము మేలుగా తోచును గాని, నివేదికలో "సెటిల్డ్" అని పడును. పూర్తిగా చెల్లించి "క్లోజ్డ్" అని వ్రాయించుకొనుటతో అది సమానము కాదు. సొమ్మును అప్పిచ్చిన సంస్థ ఖాతాకే చెల్లించి రశీదు పొందవలెను, వసూలుకు వచ్చిన మనిషి చేతికి ఇయ్యరాదు. రుసుము పుచ్చుకొని నిజమైన పద్దును చెరిపివేయుదుమని చెప్పువారిని నమ్మరాదు.

తండ్రి చేసిన బాకీకి కుమారుని బెదరించుటయు కలదు. కుమారుడు సంతకము చేయనిచో వారసత్వముగా వచ్చిన ఆస్తి మేరకే అతని బాధ్యత.

పంచాయతి సభ్యుల కర్తవ్యము

ఇట్టి పద్దును చెరిపించు అధికారము పంచాయతికి లేదు. అయినను చేయదగిన సాయము చాల యున్నది. చదువు రానివారికి నివేదిక చదివి చెప్పవచ్చును, అర్జీ వ్రాసి పెట్టవచ్చును. సాగు ఋణముల కాలమునకు రెండు మాసములు ముందే నివేదిక చూచుకొనుడని గ్రామసభలో చెప్పవచ్చును. అట్లు చేసినచో తప్పు దొరికినను దిద్దించుటకు వ్యవధి యుండును. ఫోను సంఖ్య మారినపుడు బ్యాంకునకు తెలుపుడని కూడ చెప్పవలెను, బాకీని నమోదు చేయునపుడు వచ్చు సందేశము ఆ సంఖ్యకే చేరును.

ఒక హెచ్చరిక అవసరము. ఒకరి అప్పుల సంగతి రచ్చబండ మీద చర్చింపదగినది కాదు. నివేదిక తెప్పించునపుడు ఫోనునకు వచ్చు ఓటీపీని అతడే నమోదు చేయవలెను, నివేదిక అతని చేతిలోనే ఉండవలెను.

పొలము పత్రములను పెట్టెలో పదిలపరచినట్లే అప్పు తీర్చిన రశీదులను కూడ పదిలపరచు అలవాటు ప్రతి యింటను కలుగవలెను. సభ్యులు తమ యింటినుండియే దీనిని ప్రారంభింతురుగాక.