అవే కూరగాయలు, వేరే రుచులు

ప్రశ్న: మా ఇంట్లో రోజూ పప్పు, ఏదో ఒక వేపుడు, చారు. కూర పేరు చెప్పగానే పిల్లలు మొహం ముడుచుకుంటున్నారు. ఉద్యోగం వల్ల పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండలేను. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కూరగాయలు మార్చక్కర్లేదమ్మా, వండే తీరు మార్చండి. బీరకాయనే తీసుకోండి. ఒకరోజు పెసరపప్పు వేసి పొడికూర చేయండి, ఇంకోరోజు దించేముందు కాసిని కాచిన పాలు పోయండి. చెక్కు మాత్రం పారేయొద్దు. నూనెలో మగ్గించి, వేయించిన ఎండుమిర్చి, నువ్వులు, చింతపండు కలిపి నూరితే మరో పూటకి పచ్చడి సిద్ధం.

వేపుడు బదులు వారానికోసారి ఆవపెట్టిన కూర చేసి చూడండి. అరటికాయ ముక్కలు ఉడికించి, పోపులో వేసి, చిక్కటి చింతపండు రసం కలిపి మగ్గనివ్వండి. చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిర్చి నానబెట్టి మెత్తగా నూరండి. ఈ ముద్దను పొయ్యి కట్టేసి, కూర కాస్త చల్లారాకే కలపాలి. మరుగుతున్నప్పుడు వేస్తే ఘాటు పోతుంది. ముక్కుకెక్కే ఆ ఘాటే ఈ కూరకు ప్రాణం! పిల్లలకైతే ఆవాలు సగమే వేయండి.

తీరిక లేదన్నారు కాబట్టి ఆదివారం నువ్వులపొడి, కొబ్బరికారం కొట్టి సీసాల్లో పెట్టుకోండి. కొబ్బరికారం ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉడికిన గోరుచిక్కుడు మీద నువ్వులపొడి, దొండకాయకు కొబ్బరికారం చల్లితే పని అయిపోయినట్టే. చారు కూడా అంతే: ఓరోజు మిరియాలు, ఓరోజు ఉలవలు, ఎండాకాలంలో పచ్చిపులుసు. రేపటి కూరకు ఏ పొడి వేయాలో పిల్లల్నే చెప్పమనండి.