స్నానాల గదిలో గ్యాస్ గీజరు: ఏ లోపం చిన్నది, ఏ లోపం ప్రాణాంతకం?

కొన్నేళ్ల క్రితం డిసెంబరు నెలలో, ఒక ఆదివారం ఉదయం ఆటోలో ఒక యువతిని మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. గుడికి తయారవుదామని తలంటు పోసుకోవడానికి వెళ్లి స్నానాల గదిలో పడిపోయింది. "సిస్టరమ్మా, మా కోడలికి గాలి సోకిందమ్మా" అని అత్తగారు ఏడుస్తున్నది. "ఫిట్సు అనుకుంటానండీ" అన్నాడు భర్త. ఆమెకు ఇంతకుముందు ఎన్నడూ ఫిట్సు లేవు. జ్వరం లేదు. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు కూడా మంచి అంకెనే చూపిస్తున్నది.

"స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉందా?" అని అడిగాము. ఉంది. వారం రోజులుగా అది వెలిగి ఆరిపోతుంటే, మళ్లీ మళ్లీ వెలిగించుకుంటున్నారు. గీజరు పైన గోడ నల్లబడింది. చలి వస్తున్నదని వెంటిలేటరుకు గోనెపట్టా కట్టారు. వెంటనే మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెట్టాము. ఆమె కోలుకుని ఇంటికి వెళ్లింది. అలా వెళ్లలేని వారు కూడా ఉంటారు. అందుకే ఈ పాఠం.

అసలు జరిగేది ఏమిటి?

మన పెద్దల కాలంలో నీళ్ల కాగు, రాగి బాయిలరు దొడ్లో ఉండేవి. పొగ ఆకాశానికి పోయేది. నీళ్లు లోపలికి వచ్చేవి, నిప్పు బయటే ఉండేది. గ్యాస్ గీజరుతో ఆ నిప్పును మనం తలుపు గడియ వేసుకునే చిన్న గదిలోకి తెచ్చుకున్నాము.

మంట మండాలంటే గాలి కావాలి. గాలి చాలనప్పుడు గ్యాస్ సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బండలోని గ్యాస్‌కు మనం పసిగట్టడానికి వాసన కలుపుతారు గాని, ఈ విషవాయువుకు అలాంటి వాసన ఉండదు. "వాసన రాలేదు కాబట్టి భయం లేదు" అనుకోవడం పొరపాటు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కాని మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. వేలికి పెట్టే మీటరు ఈ రెండింటికీ తేడా తెలుసుకోలేదు. కాబట్టి ఆ అంకెను నమ్మి ఊరుకోకూడదు.

మీరు చూసుకోదగిన లోపాలు

1. కుళాయి తిప్పినా టిక్ టిక్ శబ్దం రావడం లేదు: గీజరులోని బ్యాటరీలు అయిపోయి ఉండవచ్చు. రెండూ ఒకేసారి మార్చండి. అప్పటికీ రాకపోతే నీటి ఒత్తిడి చాలడం లేదేమో చూడండి. నీళ్లు తోస్తేనే లోపలి స్విచ్ పనిచేస్తుంది. ట్యాంకు మరీ కిందుగా ఉన్నా, నీళ్లు వచ్చే చోట జాలీలో ఇసుక చేరినా ఇలా అవుతుంది.

2. శబ్దం వస్తుంది, మంట రాదు: బండ అయిపోయిందేమో, రెగ్యులేటరు తిప్పారో లేదో చూడండి. కొత్త బండ పెట్టినప్పుడు గొట్టంలో గాలి ఉంటుంది. రెండు మూడుసార్లు ప్రయత్నించండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం అక్కడితో ఆపండి.

3. నీళ్లు సరిగా వేడెక్కడం లేదు: కుళాయి కొంచెం తగ్గించి చూడండి. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్లు చవుడు నీళ్లు. ఆ నీళ్లకు గీజరు గొట్టాల్లో తెల్లటి గార కడుతుంది. దాన్ని మెకానిక్ చేతనే తీయించండి.

వెంటనే ఆపి, మెకానిక్‌ను పిలవవలసిన లోపాలు

1. మంట నీలంగా కాక పసుపుగా, ఎర్రగా ఉండడం.

2. గీజరు మీద గాని, పై గోడ మీద గాని మసి పట్టడం. బర్నరులో దుమ్ము, సాలెగూడు చేరినా మసి వస్తుంది. ఇంట్లో పత్తి నిల్వ చేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. దూది నూగు ఎగిరి బర్నరు రంధ్రాల్లో చేరుతుంది.

3. వెలిగి మాటిమాటికీ ఆరిపోవడం. కొన్ని గీజర్లు కొంతసేపటికి వాటంతటవే ఆగేలా తయారవుతాయి. కొన్నింటిలో గదిలో ఆక్సిజన్ తగ్గితే ఆపే ఏర్పాటు ఉంటుంది. అంటే అది పాడైపోయిందని మీరు అనుకుంటున్నప్పుడు, అది మిమ్మల్ని హెచ్చరిస్తూ ఉండవచ్చు. బలవంతాన వెలిగించకండి.

4. గ్యాస్ వాసన. ఈ గ్యాస్ గాలి కన్నా బరువైనది, నేల మీద పరుచుకుంటుంది. రెగ్యులేటరు ఆపండి, తలుపులు, కిటికీలు తెరవండి. లైటు, ఫ్యాను స్విచ్ వేయవద్దు, తీయవద్దు. బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

ఒక మాట గుర్తుంచుకోండి. నీలం మంట ఉన్నా, మూసిన గదిలో గాలి తగ్గేకొద్దీ విషవాయువు పుట్టవచ్చు. గీజరును, బండను స్నానాల గది బయట, గాలి ఆడే చోట పెట్టించి, వేడినీళ్లు మాత్రమే గొట్టం ద్వారా లోపలికి రానివ్వండి. అది కుదిరేదాకా తలుపు తెరిచి బకెట్లు నింపుకుని, గీజరు ఆపి, గది కాసేపు గాలాడిన తరువాతే స్నానం చేయండి. వెంటిలేటరు మూయకండి. పిల్లల్ని గీజరు వెలుగుతుండగా లోపల వదలకండి.

ఇంగ్లండులో ఉన్న మనవారి ఇళ్లలో గది వెచ్చదనానికి గ్యాస్ బాయిలర్లు ఉంటాయి. అక్కడ అద్దె ఇంటి యజమాని ఏడాదికొకసారి వాటిని తనిఖీ చేయించాలని నిబంధన ఉంది. మనకు చలి రెండు నెలలే కావచ్చు. కాని ఆ రెండు నెలలకు ముందు ఒక్కసారి మెకానిక్‌కు చూపించడం మన చేతిలో పనే.

శరీరం ఇచ్చే గుర్తులు

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, కాళ్లలో సత్తువ లేకపోవడం, అయోమయం. స్నానం చేసినప్పుడల్లా తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గుతుంటే పైత్యం అనుకోకండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి అలాగే ఉంటే మరీ అనుమానించండి. గర్భిణీ స్త్రీలలో తల్లికి తేలికగా కనిపించినా, కడుపులోని బిడ్డకు ఎక్కువ ప్రమాదం. బాలింత గదిలో తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టడం కూడా ఇదే ప్రమాదం. దయచేసి ఆ అలవాటు మానండి.

ఎవరైనా పడిపోతే

లోపలినుంచి పలుకు లేకపోతే ఆలోచించకుండా తలుపు పగలగొట్టండి. మీరు లోపల నిలబడి అక్కడే లేపే ప్రయత్నం చేయకండి. ఊపిరి బిగబట్టి బయటికి లాగండి. గ్యాస్ ఆపండి. 108కి ఫోను చేయండి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే, నేర్చుకున్నవారు ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. నోట్లో నీళ్లు, ఉల్లిపాయ, తాళంచెవి వద్దు. ఆసుపత్రిలో మొదటి మాటగా "గ్యాస్ గీజరు వెలుగుతున్నది" అని చెప్పండి. ఆ మాట చెబితే వెంటనే ఆక్సిజన్ మొదలవుతుంది. తేరుకున్నా అప్పుడే ఇంటికి తీసుకుపోకండి. కొందరికి కొన్ని వారాల తరువాత మతిమరుపు, నడకలో తడబాటు వస్తాయి. మళ్లీ చూపించుకోవాలి.

ఆ రోజు ఆ అత్తగారు ఇంటికి వెళ్లగానే మొదట వెంటిలేటరుకు కట్టిన గోనెపట్టా పీకేసిందట. మీరు కూడా ఈ పేజీ చదివిన వెంటనే మీ స్నానాల గదిలోకి వెళ్లి మూడు చూడండి: మంట రంగు, గోడ మీద మసి, గాలి వచ్చే దారి.