కొత్త రైఫిలు: శుభ్రపఱచు విధము

మన పిల్లలలో కొందఱు ఎన్.సి.సి.లోను, మఱికొందఱు రైఫిలు క్లబ్బులలోను చేరి గుఱి కొట్టుట అభ్యసించుచున్నారు. వారు పట్టునది యుద్ధపు తుపాకి కాదు. పాయింట్ ఇరువది రెండు అని పిలువబడు చిన్న రైఫిలు. 2024వ సంవత్సరమున పారిస్ ఒలింపిక్ క్రీడలలో మహారాష్ట్రమునకు చెందిన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యపతకము గెలిచినది ఈ తరగతి రైఫిలుతోనే. ఆ పోటీలో పది మార్కులిచ్చు వలయపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సూక్ష్మమైన పని చేయవలసిన సాధనము గనుక దాని పోషణమును గుఱించి తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. కొత్త రైఫిలును ఎట్లు విప్పవలెనని వారి ప్రశ్న. విప్పవలదని మా సమాధానము.

ఈ మాట మేము నష్టపడి నేర్చుకొన్నది. కొన్నియేండ్ల క్రిందట చందాలు పోగుచేసి కొన్న యొక కొత్త రైఫిలు శిక్షణార్థము మాకు అప్పగింపబడెను. దినదినము సాయంకాలము ముక్కలు ముక్కలుగా బిగించు ఇనుపకడ్డీని గొట్టపు మూతినుండి లోనికి దూర్చి, మిక్కిలి శ్రద్ధతో తోమితిమి. కొంతకాలమునకు గుండ్లు చెదరసాగినవి. పిల్లల చేయి నిలుకడగా లేదని మందలించితిమి, తూటాలు మంచివి కావంటిమి. తుదకు తుపాకుల పని తెలిసిన యొకరు భూతద్దముతో మూతిని చూపిరి. అంచు ఒకవైపున అరిగియుండెను. గుండు గొట్టమును విడుచు చివరి క్షణమున దానికి దారిచూపునది ఆ అంచే. దానిని చెడగొట్టినది కాల్పులు కావు, మా శుభ్రత. మందలింపులు తిన్న పిల్లల మొగములు నేటికిని మాకు జ్ఞాపకము వచ్చుచుండును.

పెద్ద రైఫిళ్ల తూటాకు అడుగున నడుమ పేలుడు టోపీ యుండును. దీనికి అట్లు కాదు. ఇత్తడి గుల్ల అడుగంచు మడతలోనే పేలుడు మందు ఉండును. సూది ఆ అంచును కొట్టును. గుండు సుమారు 2.6 గ్రాముల మెత్తని సీసము. దానిపై మైనమో కొవ్వో పూసియుందురు. కాల్చినకొలది ఆ మైనపు పొర గొట్టములోని మెలికల గాళ్లపై సమముగా పఱచుకొని గుండునకు నునుపైన దారి నిచ్చును. గట్టిగా తోమి ఆ పొరను తీసివేసినచో, అది మరల ఏర్పడువఱకు మొదటి గుండ్లు తలకొక దిక్కున పోవును. పూర్వపు తూటాలలోని రసాయనములు ఇనుమును తినెడివి. అందుచే నాటివారు ఆ దినమే కడుగవలసి వచ్చెడిది. నేటి తూటాలకు ఆ గుణము లేదు, అలవాటు మాత్రము మిగిలినది.

మఱి చేయవలసినదేమి? మొట్టమొదట రైఫిలు మూతిని జనములేని దిక్కునకు త్రిప్పి, తూటాల పెట్టెను తీసి, బోల్టు తెఱచి, తూటా కూర్చుండు గది ఖాళీగా నున్నదని కంటితో చూచి వ్రేలితో తడిమి నిశ్చయించుకొనవలెను. బల్లపై తూటా యొక్కటియు ఉండరాదు. తరువాత తయారుచేసినవారి చిన్నపుస్తకమున చెప్పినట్లు బోల్టును వెనుకకు లాగి తీయవలెను. సాధారణముగా తీయవలసిన భాగము ఇదొక్కటే. కొత్త రైఫిలు గొట్టములో తుప్పు పట్టకుండ కార్ఖానాలో పూసిన నూనె యుండును గనుక మొదటిసారి కాల్చుటకు ముందే దానిని తుడిచి తీయవలెను.

కడ్డీ ఒకే ముక్కగా, మెత్తని పూత కలిగినదై యుండుట మేలు. దానికి గుడ్డపేలిక తగిలించి వెనుకనుండి మూతివైపునకు నడపి, పేలిక బయటికి రాగానే తీసివేసి, వట్టి కడ్డీని మెల్లగా వెనుకకు లాగవలెను. మందులో తడిపిన పేలిక ఒకటి రెండు, కొంత వ్యవధి, ఆపై పొడి పేలికలు. అంతే. ఆ సమయమున మూతి కొంచెము వాలియుండినచో మందు ట్రిగ్గరులోనికి కారదు. మైనము, మసి ఎక్కువగా పేరుకొనునది గొట్టమున కాదు, తూటా గదిలోను బోల్టు మొగముపైనను. పాత పండ్లబ్రష్షుతో బోల్టు మొగమును, తూటా గుల్లను లాగు కొక్కెమును తోమినచో చాలును. బోల్టు రాచుకొను చోట ఒక్క చుక్క నూనె. రెండవ చుక్క దుమ్మును పిలుచును.

గొట్టమును కఱ్ఱకు బిగించిన మరలను తాకరాదు. అవి ఎంత బిగువున నుండవలెనో తయారుచేసినవారు నిర్ణయింతురు. విప్పి మరల బిగించినచో గుఱి మాఱుట సామాన్యము. ట్రిగ్గరు యంత్రమును తెఱచుట మఱింత ప్రమాదము. సరిగా కూర్పకున్నచో తాకకుండగనే పేలవచ్చును. వీణపై దుమ్ము తుడువవలెనని మైనములో నిలిపిన మెట్లను ఊడబెఱుకువారు లేరు గదా! ఖాళీ రైఫిలును ఊరక నొక్కుటయు కూడదు. కొన్ని రైఫిళ్లలో సూది తూటా గది అంచునకే తగిలి గంటు పెట్టును.

సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి, చేతి చెమట ఇనుమునకు శత్రువులు. కాల్చినను కాల్పకున్నను పట్టుకొన్న ప్రతిసారి వెలుపలి ఇనుమును నూనెగుడ్డతో తుడువవలెను. వానకాలమున గొట్టములో పలుచగా నూనె పేలిక నడిపి, కాల్చుటకు ముందు పొడిగుడ్డతో తప్పక తీయవలెను. గుడ్డసంచిలోనో తోలుసంచిలోనో నెలల తరబడి దాచినచో లోని తేమ బయటికి పోదు. పిల్లలు శుభ్రము చేయునపుడు పెద్దలొకరు ప్రక్కనే కూర్చుండవలెను. రైఫిలు ఒక బీరువాలోను, తూటాలు వేఱొక పెట్టెలోను ఉంచి, రెండు తాళపుచెవులును పెద్దల మొలత్రాటిననో కొంగుననో ఉండవలెను.