రంగుల నత్తను గుర్తుపట్టడం ఎలా?

వానాకాలం. పరిగి దగ్గర ఒక ఊరు. చేను గట్టు మీద జిల్లేడు చెట్టు ఉంది. దాని మీద పసుపు, నీలం చారల మిడత వాలింది. మనుమడు దాన్ని పట్టబోయాడు.

"ముట్టకు బిడ్డా! అది జిల్లేడు మిడత. జిల్లేడాకు తిని బతుకుతది. ఆ విషం దాని ఒంట్లనే ఉంటది" అంది అవ్వ.

"ఎంత మంచిగున్నది అవ్వా!"

"ఆ రంగే చెప్తున్నది, నా జోలికి రాకు అని."

అవ్వ మాట నిజం. సముద్రంలో కూడా ఇలాంటి జీవులు ఉన్నాయి. అవి గుల్ల లేని నత్తలు.

మన చేలల్లో తిరిగే నత్తను తాకితే గుల్లలోకి ముడుచుకుంటుంది. మరి గుల్ల లేని నత్త ఎక్కడ దాక్కోవాలి? సముద్రపు రాళ్ళకు స్పంజి అనే మెత్తని జీవులు అంటుకుని ఉంటాయి. ఈ నత్తల్లో చాలా రకాలు స్పంజిని తింటాయి. అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఒకసారి కొరికిన చేప మళ్ళీ ఆ రంగు జోలికి పోదు.

వీటిని గుర్తుపట్టాలంటే ఇవి చూడాలి:

1. వీపు మీద గుల్ల ఉందా?
2. తల మీద రెండు చిన్న కొమ్ములు ఉన్నాయా?
3. వీపు వెనుక వైపు పువ్వులాంటి కుచ్చు ఉందా? చాలా రకాలకు ఊపిరి తీసుకునే మొప్పలు అవే.
4. ఒంటి రంగు ఏది? అంచు రంగు ఏది? చుక్కలా, చారలా?

నాలుగో గుర్తు చాలా ముఖ్యం. కాని చచ్చిన నత్తను సారాలో నిలవ చేస్తే రంగు పోతుంది.

1850 ప్రాంతంలో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి విశాఖపట్నంలో ఉండేవాడు. ఆయన ఈ నత్తలను సేకరించాడు. బతికి ఉండగానే వాటి బొమ్మలను రంగుల్లో మన దేశపు చిత్రకారుల చేత వేయించాడు. ఇంగ్లండులో ఆల్డర్, హాన్‌కాక్ అనే ఇద్దరు పండితులు వాటిని పరిశీలించారు. 1864లో వివరాలు అచ్చు వేశారు. అందులో ఒక కొత్త నత్తకు 'కళింగ ఆర్నాటా' అని పేరు పెట్టారు. ఆర్నాటా అంటే అలంకరించుకున్నది. నత్త పేరులో కళింగ నిలిచింది. బొమ్మ వేసిన చేతుల పేరు మాత్రం జనానికి తెలియదు.

చూసింది అప్పుడే గీసి పెట్టారు. అందుకే ఆ రంగులు నిలిచాయి. అవ్వకు తెలిసిన సంగతులు కూడా రాసి పెడితే మనుమల దాకా నిలుస్తాయి.

ప్రశ్నలు

1. జిల్లేడు మిడతను ఎందుకు ముట్టకూడదు?
2. గుల్ల లేని నత్తకు రక్షణ ఏమిటి?
3. మీ చేలో కనిపించే ఒక పురుగును ముట్టకుండా చూడండి. దాని గుర్తులు నాలుగు రాయండి. మీ పేరు, తేదీ కూడా రాయండి.