నీటిని ఆపు గడియారము

గిద్దలూరు పట్టణము సగిలేటి తీరమున ఉన్నది. దానికి పడమట నల్లమల కొండలు, తూర్పున వెలికొండలు. 1970 వ సంవత్సరమున ఒంగోలు జిల్లా ఏర్పడువరకు ఈ తాలూకా కర్నూలు జిల్లాలో ఉండెడిది. ఆ క్రొత్త జిల్లాకే 1972 లో ప్రకాశము జిల్లా అని పేరు పెట్టిరి. జిల్లా మారినను ఇచ్చటి వేసవి మాత్రము మారలేదు. చైత్రము గడచునప్పటికి బావులు అడుగంటును. బోరులలో నీరు క్రిందికి దిగిపోవును. వీధులలో ట్యాంకరు వచ్చు వేళకై బిందెలు వరుస కట్టి కూర్చుండును. బోరు ఎండిపోగా, పదేండ్లు పెంచిన చీనీచెట్లను తమ చేతులతోనే నరికివేసిన రైతులు ఈ ప్రాంతమున కలరు. ఇట్టిచోట మొక్కకు నీరు పోయుట చిన్న పని కాదు.

పూర్వము బావినీటిని కపిలతో తోడెడివారు. ఎడ్లజత వాలుబాట వెంట దిగుచుండగా తోలు తొండము నిండా నీరు పైకి వచ్చి కాలువలో పడెడిది. కాలువ చివర ఒకడు పార పట్టుకొని నిలిచి, ఒక మడి తడిసిన వెంటనే మడవ తిప్పి నీటిని మరియొక మడికి పంపెడివాడు. ఎండ ముదిరినంతనే ఎడ్లు అలసిపోయెడివి. రైతు కాడి విప్పెడివాడు. అంతటితో నీరు ఆగిపోయెడిది. ఆ ప్రొద్దు తోడిన నీటికి బదులుగా రాత్రియంతయు బావిలో ఊట ఊరెడిది. బావిని కాపాడవలెనని ఎవరును ప్రత్యేకముగా తలచి చేసిన ఏర్పాటు కాదది. ఎడ్ల అలసటయే బావికి రక్షణ అయినది.

విద్యుత్తు మోటారు వచ్చిన పిమ్మట ఆ అలసట పోయినది. మోటారు అలయదు. 2004 వ సంవత్సరము మే నెలలో ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చు నిర్ణయము జరిగినది. కరెంటు ఉచితమే గాని రోజంతయు రాదు, విడతలుగా వచ్చెడిది. పెక్కుమారులు ఆ విడత నడిరాత్రి పడెడిది. రైతు టార్చిలైటు పట్టుకొని, చీకటిలో గట్లవెంట నడచి, బోరు కడకు పోయి మీట నొక్కవలెను. త్రోవలో పాము కరచియు, తడిచేతులతో స్టార్టరు తాకి విద్యుదాఘాతము కలిగియు ప్రాణములు పోయిన కుటుంబములు పల్లెలలో ఎన్నియో కలవు. కావున ఆటో స్టార్టరు అను పెట్టె వచ్చినప్పుడు రైతులు దానిని ఆదరముతో స్వీకరించిరి. కరెంటు వచ్చినంతనే అది మోటారును తనంతట తానే నడపించును. ఇంటివాడు నిశ్చింతగా నిద్రింపవచ్చును. ఆ పెట్టెను తప్పు పట్టుటకు ముందు ఆ చీకటి నడకను తలచుకొనవలెను.

అయినను ఆ పెట్టెకు తెలిసినది ఆరంభము మాత్రమే. మడి తడిసినదా లేదా అని అది చూడదు. కరెంటు ఉన్నంతసేపు నీరు పారును. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటారులన్నియు ఒకే క్షణమున లేచుటచే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవుటయు కలదు. బోరులో నీరు అయిపోయినను మోటారు వట్టిగా తిరిగి చెడును. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ఇవ్వదలచినప్పుడు, దానికి ముందు 2017 లోనే ఆటో స్టార్టరులను తీసివేయింపవలెనని ఊరూర ప్రచారము చేసిరి. కరెంటు పగలురేయి ఉండి, స్టార్టరు దానంతటదే నడచినచో భూగర్భజలము మిగులదని వారి భయము.

ఆపుట అనునది ఒకప్పుడు ఒక మనిషి బాధ్యత. గిద్దలూరునకు ఈశాన్యమున కంభము చెరువు ఉన్నది. గుండ్లకమ్మ నది కొండల నడుమ నుండి పోవుచోట కట్టవేసి దానిని నిర్మించిరి. విజయనగర కాలమున వరదరాజమ్మ అను రాకుమారి దానిని కట్టించినదని ప్రతీతి. 2020 లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది. రాయలసీమ చెరువుల క్రింద తూము తెరచుటకు, మూయుటకు, వంతుల ప్రకారము పొలములకు నీరు పంచుటకు నీరుగంటి అను వాడుండెడివాడు. తూము తెరచుట ఎవరికైనను తెలియును. ఏ చేను తడిసినది, ఏ చేనికి ఇంకను చాలలేదు, ఎప్పుడు మూయవలెను అనుటయే నీరుగంటి విద్య. కాలమును కొలుచుటకు మన పూర్వులు నీటినే వాడిరి. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై వదలినచో, అది మెల్లగా నిండి మునుగుటకు పట్టు కాలము ఒక ఘడియ, అనగా ఇరువదినాలుగు నిమిషములు. నీటితో కాలమును కొలిచిన దినములు పోయి, కాలముతో నీటిని కొలుచు దినములు వచ్చినవి.

ఇప్పుడు అంగళ్ళలో కొళాయికి బిగించు టైమరు దొరకుచున్నది. అది అరచేతిలో ఇముడునంతటి పెట్టె. ఒకవైపు కొళాయికి, మరియొకవైపు రబ్బరు గొట్టమునకు తగిలింపవలెను. లోపల చేతిగడియారములో ఉండునట్టి స్ఫటికపు తునక ఒకటి ఉండును. అది క్షణమునకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను పదునైదు మారులు సగము చేసినచో సరిగా ఒకటి వచ్చును. లెక్కలపై ఆసక్తిగల విద్యార్థులు చేసి చూడవచ్చును. అట్లు పెట్టెకు క్షణములు తెలియును. నిర్ణయించిన వేళకు అది కవాటమును తెరచి, నిర్ణయించినంత సేపైన తరువాత మూయును. కవాటము కదలునప్పుడే విద్యుత్తు కావలెను గనుక రెండు పెన్సిలు బ్యాటరీలు నెలల తరబడి వచ్చును.

గిద్దలూరులో ఒక వీధి చివరి ఇంటిని ఊహించుకొనుడు. ఆ ఇంటిలో ఒక అవ్వ ఒంటరిగా ఉన్నది. పెరటిలో వంగ, బెండ, గోంగూర, మునగ, కరివేపాకు, మల్లె కలవు. మార్కాపురములోని కూతురింట మనుమరాలి పురుడు. అవ్వ ఎనిమిది దినములు అక్కడ ఉండక తప్పదు. వైశాఖపు ఎండలో ఎనిమిది దినములు నీరు లేకున్నచో పెరడు మాడిపోవును. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మనుమడు సెలవుపై వచ్చి, టైమరు తెచ్చి కొళాయికి బిగించెను.

“అవ్వా! ఇక నీకు దిగులు లేదు. ఉదయము ఇరువది నిమిషములు, సాయంత్రము ఇరువది నిమిషములు నీరు తనంతట పారును” అని అతడు చెప్పెను.

“ఇరువది నిమిషములని ఎవరు చెప్పిరి నాయనా?” అని అవ్వ అడిగెను.

మనుమని వద్ద సమాధానము లేదు. ఆ సంఖ్య అతడు ఊరక అనుకొన్నది. అవ్వ పదునైదు లీటర్ల బిందెను తెచ్చి గొట్టము క్రింద పెట్టెను. అది డెబ్బదియైదు క్షణములలో నిండెను. అనగా నిమిషమునకు పండ్రెండు లీటర్లు. మనుమడు పెట్టిన లెక్క ప్రకారము దినమునకు నాలుగువందల ఎనుబది లీటర్లు పారును. మిద్దెమీది తొట్టిలో పట్టునది ఐదువందల లీటర్లు.

“నేను దినమునకు ఆరు బిందెలు పోయుదును. ముప్పది ఏండ్లుగా ఇంతే” అని అవ్వ చెప్పెను.

ఆరు బిందెలు తొంబది లీటర్లు. యంత్రము పోయదలచినది దానికి అయిదు రెట్లకు పైన. మనుమడు సిగ్గుపడి, గొట్టముతో వరదగా పారించుట మాని, మొక్క మొదట చుక్కలుగా నీరు పడు సన్నని గొట్టములను తెచ్చెను. ఇది బిందుసేద్యము. ఇస్రాయేలు దేశపు ఇంజనీరు సింఖా బ్లాస్ దీనికి రూపము కల్పించెను. 1965 లో అచ్చట దీనికొక కర్మాగారము వెలసినది. ఆంధ్రప్రదేశమున 2003 లో ప్రభుత్వమే సూక్ష్మసేద్య పథకమును ఆరంభించి రైతులకు రాయితీపై ఈ గొట్టములను ఇచ్చినది. ఈ ప్రాంతపు తోటలలో నల్లని గొట్టములు కానరాని చోటు అరుదు.

అవ్వ పెరటిలో ఇరువది చుక్కబిరడాలు అమర్చిరి. గంటకు నాలుగు లీటర్లని వాటి పొట్లముపై వ్రాసియున్నది. కాని ఆ మాట పది మీటర్ల ఎత్తునుండి దిగు నీటికి చెల్లును. తొట్టి కొళాయికి నాలుగు మీటర్ల ఎత్తున మాత్రమే కలదు. ఈ మారు మనుమడు అడుగకయే కొలిచెను. పావులీటరు గ్లాసు ఒక బిరడా క్రింద నిండుటకు ఆరు నిమిషములు పట్టినది. కావున గంటకు రెండున్నర లీటర్లు. ఇరువది బిరడాలకు ఏబది లీటర్లు. తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రము ముప్పావుగంట పెట్టినచో ఎనుబదియేడున్నర లీటర్లగును. అవ్వ ఆరు బిందెలకు అది ఇంచుమించు సరిపోయినది. నడియెండలో పోసిన నీరు ఆవిరియై పోవును గనుక ఆ రెండు వేళలనే ఎన్నుకొనిరి.

ఆ సాయంత్రము ఆరుగంటలకు టైమరు తెరచుకొన్నది. చుక్కలు పడుచుండగా ఇద్దరును ముచ్చటగా చూచిరి. మరునాడు అవ్వ లేచి వంటయింటి కొళాయి త్రిప్పగా గాలి తప్ప నీరు రాలేదు. పెరటిలో మొక్కల మొదళ్ళు బురదగా ఉన్నవి. టైమరు వేళకు తెరచుకొన్నది గాని పూర్తిగా మూసికొనలేదు. రాత్రియంతయు కారి తొట్టి అడుగంటినది. బోరునుండి మరల నింపుదమనిన, బోరులో గంటసేపు కూడ నీరు రాని దినములవి. ఆ ప్రొద్దు అవ్వ ప్రక్కింటినుండి రెండు బిందెలు అడిగి తెచ్చుకొన్నది.

కారణము మనుమనికి ఆ ప్రొద్దే తెలిసినది. ఇట్టి టైమరులు రెండు విధములు. ఒకదానిలో పలుచని రబ్బరు పొర ఉండును. గొట్టములోని నీటి ఒత్తిడియే ఆ పొరను నొక్కి మూయును. అది పట్టణపు పంపునీటికి, లేదా మిక్కిలి ఎత్తైన తొట్టికి తగినది. పది మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుపై ఇంచుమించు ఒక కిలో ఒత్తిడిని కలిగించును. నాలుగు మీటర్లకు అందులో సగము కూడ లేదు. పొరకు మూసికొను బలము చాలలేదు. రెండవ విధములో చిన్న మోటారు ఒక గుండును త్రిప్పి దారిని తెరచును, మూయును. దానికి నీటి ఒత్తిడితో పని లేదు. మిద్దెతొట్టి ఉన్న ఇంటికి తగినది ఇదియే. అంగడివాడు అడిగినవానికి ఈ భేదము చెప్పును. అడుగవలెనని తెలియువాడు అరుదు.

రెండవ టైమరు వచ్చినది. ఈ మారు అవ్వ అది తెరచుకొనుటను చూచుటకు నిలువలేదు. మూసికొను వేళకు పోయి, పీట వేసికొని కూర్చుండి, చివరి చుక్క పడువరకు చూచినది. మూడు దినములు అట్లే చూచినది. నాలుగవ దినమున మనుమడు బెంగుళూరునకు, అవ్వ మార్కాపురమునకు బయలుదేరిరి. పోవునప్పుడు పెరటి తాళముచెవిని ప్రక్కింటి ఇల్లాలికి ఇచ్చి, “వదినా! పని అంతయు పెట్టెయే చేయును. నీవు దినమున కొకసారి ఊరక చూచిపొమ్ము” అని చెప్పినది.

మార్కాపురమునకు చేరిన అయిదవ రాత్రి నల్లమల వైపు మెరుపులు మెరసినవి. వేసవిలో అప్పుడప్పుడు వచ్చు గాలివానయే గాని ఆ రాత్రి జోరుగా కురిసినది. పురిటింటి గడపలో కూర్చున్న అవ్వకు గిద్దలూరు పెరడు జ్ఞప్తికి వచ్చినది. టైమరునకు వాన సంగతి తెలియదు. వానను గుర్తించు పరికరములు కలవు గాని అవ్వ ఇంట లేవు. వాన వెలిసినను తెల్లవారుజామున అది తన గంటకు తాను నీరు విడుచును. తొట్టిలోని నీరు ఏబది లీటర్లు వృథా. అంతకు మించి, నానిన వంగమొక్కల వేళ్ళు కుళ్ళును.

కోడి కూయకముందే అవ్వ ఫోను చేసినది.

“వదినా, అక్కడ వాన పడినదా?”

“పడినది వదినా. వాకిట నీళ్ళు నిలిచినవి.”

“మట్టిలో వ్రేలు పెట్టి చూడుము. ఎంతవరకు పదునున్నది?”

ప్రక్కింటి ఇల్లాలు పెరటి తలుపు తెరచి, వంగమొక్క మొదట వ్రేలు గ్రుచ్చి చూచెను. “వ్రేలు పూర్తిగా దిగినది. అడుగున కూడ తడియే.”

“అయినచో కొళాయి కడనున్న పెట్టెకు ముందువైపు ఒక చక్రము ఉండును. దానిని ఎడమకు త్రిప్పి ఉంచుము. రెండు దినములు పోయిన పిమ్మట మరల వ్రేలు పెట్టి చూచి, నాకు చెప్పుము.”

ప్రక్కింటి ఇల్లాలు చక్రము త్రిప్పి, తృప్తి కలుగక, కొళాయిని కూడ చేతితో బిగించి, తలుపు వేసికొని పోయినది.