శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు – శ్రద్ధ వహించు గ్రామము

గ్రామాభ్యుదయమునకు పాఠశాల మూలమని మనమెల్లరము చెప్పుకొందుము. పాఠశాలకు ఉపాధ్యాయుడే ప్రాణమని కూడ అంగీకరింతుము. కాని ఆ ఉపాధ్యాయుడు పొందిన శిక్షణ తరగతిలోని బిడ్డ వరకు చేరుచున్నదా అను ప్రశ్న పంచాయతీ సమావేశములలో అరుదుగా వినవచ్చును. ప్రహరీగోడ, మరుగుదొడ్డి, నీటి కుళాయి—వీనిని గూర్చి తీర్మానములు జరుగును. ఐదవ తరగతి బిడ్డ రెండవ తరగతి వాచకము చదువగలుగుచున్నదా అను విషయమై తీర్మానము కానరాదు. ఈ లోపము ఎట్టి నష్టము కలిగించునో, దానిని తీర్చుటకు గ్రామము ఏమి చేయగలదో ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. వానిలో ముఖ్యమైన కొన్నిటిని సభ్యుల ముందుంచుట మా ఉద్దేశము.

విధానములు

ఉపాధ్యాయ శిక్షణ విషయమున మన దేశమునందు విధానములకు కొరత లేదు. 1964–66లో పనిచేసిన కొఠారీ సంఘము, శిక్షణ సంస్థలు పాఠశాలల నిత్యజీవితమునకు దూరమై ఏకాకులుగా నున్నవని హెచ్చరించినది. 1986 నాటి జాతీయ విద్యా విధానము ననుసరించి జిల్లా విద్యా శిక్షణ సంస్థలు వెలసినవి. 1993లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చట్టము వచ్చినది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునకు కనీస అర్హతలను విధించినది. 2020 జాతీయ విద్యా విధానము, 2030 నాటికి నాలుగేండ్ల సమగ్ర ఉపాధ్యాయ విద్య కనీసార్హత కావలెనని లక్ష్యము నిర్దేశించినది.

ఇవి యన్నియు అవసరమైనవే. అయినను శిక్షణ ఇచ్చినంత మాత్రమున చదువు వచ్చునా? దీనికి సమాధానము మన యొద్దనే, అవిభక్త ఆంధ్రప్రదేశములో వెదకబడినది.

మన రాష్ట్రమున జరిగిన పరిశోధన

2005లో ఆనాటి రాష్ట్ర ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఐదు జిల్లాలలో ఐదు వందల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎన్నుకొని ఒక పెద్ద పరిశీలన ప్రారంభించినవి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు దీనిని నడిపిరి. పాఠశాలలను చీట్లు వేసినట్లు విభజించి, ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క విధమైన సహాయమొసగి, ఏ సహాయమును పొందని పాఠశాలలతో పోల్చి చూచిరి.

ఒక వర్గమున పిల్లల పరీక్షాఫలితములను వివరముగా ఉపాధ్యాయులకు పంపి, ఏ బిడ్డ ఎచ్చట వెనుకబడెనో తెలిపిరి. నివేదికలు ఉపయోగకరముగా నున్నవని ఉపాధ్యాయులు చెప్పిరి. పరిశీలకులు వచ్చిన దినములలో తరగతులు చురుకుగా సాగినవి. కాని సంవత్సరాంతమున పిల్లల చదువులో భేదము కానరాలేదు.

మరియొక వర్గమున పిల్లల అభివృద్ధిని బట్టి ఉపాధ్యాయులకు పారితోషికము ప్రకటించిరి. రెండేండ్లలో ఆ పాఠశాలల పిల్లలు గణితమునను, భాషయందును ముందంజ వేసిరి. గణితములో నూరుగురిలో నడిమి స్థానమున నుండవలసిన బిడ్డ సుమారు పది స్థానములు పైకి వచ్చినట్లు లెక్కకు వచ్చినది. ఆ ఉపాధ్యాయులు బడికి హాజరైన దినములు పెరుగలేదు. హాజరైన దినములలో పని పెరిగినది. ఇంటిపని ఎక్కువగా ఇచ్చిరి. బడివేళల తరువాత తరగతులు నడపిరి. వెనుకబడిన పిల్లలపై ప్రత్యేక దృష్టి నిలిపిరి.

ఇందు మనము గమనింపదగిన విశేషమొకటి కలదు. సాధారణ పాఠశాలలలో ఉపాధ్యాయుని విద్యార్హతకును, శిక్షణకును, పిల్లల అభివృద్ధికిని సంబంధము కానరాలేదు. పారితోషికమున్న పాఠశాలలలో మాత్రము ఎక్కువ చదువును, శిక్షణయు గలవారే ఎక్కువ ఫలితము చూపిరి. కావున శిక్షణ వ్యర్థమని తలపరాదు. ఆ నేర్పు ఉపాధ్యాయునియందున్నది. దానిని వెలికితీయు ప్రోత్సాహము లేక అది నిద్రాణమై యున్నది. మేలురకపు విత్తనమైనను నీరు, కలుపుతీత లేనిదే పంట పండునా?

ఈ పరిశీలనలోనే నూరు పాఠశాలలకు ఒక్కొక్క అదనపు ఒప్పంద ఉపాధ్యాయుని ఇచ్చిరి. వీరికి చదువును, శిక్షణయు తక్కువ. కాని స్వగ్రామస్థులు ఎక్కువ. ఆకస్మిక తనిఖీలలో వీరి గైర్హాజరు నూటికి 18 కాగా, రెగ్యులర్ ఉపాధ్యాయులది 27గా తేలినది. ఆ పాఠశాలల పిల్లలును ముందుకు వచ్చిరి. శిక్షణ లేనివారిని నియమింపవలెనని దీని భావము కాదు. ఊరికి దగ్గరగా నుండుట, ఊరివారు కనిపెట్టియుండుట ఎంత బలమో ఇది తెలుపును.

శిక్షణ తరువాత అండ

బీహారు, హర్యానా రాష్ట్రముల అనుభవము దీనిని మరింత స్పష్టపరచుచున్నది. 2008 వేసవిలో బీహారు ప్రభుత్వోపాధ్యాయులు, ప్రథమ్ సంస్థవారి పద్ధతిలో శిక్షణ పొంది, ఒక నెలపాటు శిబిరములు నడపిరి. వయస్సును బట్టిగాక, చదువగలిగిన స్థాయిని బట్టి పిల్లలను గుంపులు చేసిరి. పిల్లలకు చదువు వచ్చినది. కాని ఆ పద్ధతిలోనే శిక్షణయు, పుస్తకములును ఇచ్చి బడిరోజులలో అమలుపరచుమన్నప్పుడు ఫలితము శూన్యము. పాఠ్యక్రమమును పూర్తిచేయుటయే తమ విధియని ఉపాధ్యాయులు భావించుటయే దీనికి ముఖ్య కారణము.

హర్యానాలో 2012–13లో రెండు మార్పులు చేసిరి. ఈ బోధనకు దినమునకు ఒక గంట ప్రత్యేకించిరి. పర్యవేక్షకులు తామే ముందు పదునైదు, ఇరువది దినములు పిల్లలకు బోధించి చూచి, తరువాత పాఠశాలలకు వచ్చి ఉపాధ్యాయులకు తోడ్పడిరి. ఆ ఏడు పిల్లల హిందీ పఠనము మెరుగుపడినది. శిక్షణానంతరము లభించిన వేళయు, అండయు ఈ భేదమునకు కారణములు.

తెలియని కమిటీ

ఉత్తరప్రదేశమునందలి జౌన్‌పూర్ జిల్లాలో 2005లో 280 గ్రామములను పరిశీలింపగా, గ్రామ విద్యా కమిటీ యున్నదని నూటికి 92 మంది తల్లిదండ్రులకు తెలియదు. కమిటీ సభ్యులలోనే సుమారు నాలుగవ వంతు తాము సభ్యులమని ఎరుగరు. సమావేశములు జరిపి హక్కులను వివరించినను బడి మారలేదు. స్థానిక యువకులకు స్వల్ప శిక్షణ నిచ్చి పఠన శిబిరములు పెట్టించినప్పుడు మాత్రము, హాజరైన పిల్లలు చదువ నేర్చిరి. ప్రజలకు చేయదగిన పని స్పష్టముగా చూపినచో వారు ముందుకు వత్తురని దీనివలన తెలియుచున్నది.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణవలన చేరిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య గలదు. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులకు తక్కువ కాకుండ తల్లిదండ్రులు, సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెను. స్థానిక సంస్థల ప్రతినిధులకును అందు స్థానము కలదు. ఈ అధికారముతో సభ్యులు ఈ క్రింది పనులు చేయవచ్చును.

ఒకటి: మన గ్రామపు కమిటీ సభ్యులెవరో వారికిని, ఊరికిని తెలియునట్లు వారి పేర్లు బడి గోడపై వ్రాయించుడు.

రెండు: ఏడాదికి రెండు మారులు, ప్రధానోపాధ్యాయుని సమ్మతితో, ప్రతి బిడ్డయు అక్షరము, పదము, చిన్న పేరా, కథ—వీనిలో దేనిని చదువగలదో చూడుడు. బిడ్డను గాని, ఉపాధ్యాయుని గాని కించపరచుటకు కాదు. ఎవరికి సాయము కావలెనో తెలియుటకే.

మూడు: ఉపాధ్యాయుడు శిక్షణనుండి తిరిగివచ్చినప్పుడు కమిటీకి ఆహ్వానించి, నేర్చిన క్రొత్త పద్ధతి యేది, దానికి ఏ వేళ, ఏ సామగ్రి కావలెనని అడుగుడు. అడిగెడివారున్నారని తెలిసిన చోట నేర్పు మరుగున పడదు.

నాలుగు: జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతరమైన పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదని చట్టము చెప్పుచున్నది. మన గ్రామములో దీనిని కాపాడుడు.

ఐదు: పిల్లల హాజరును, అభ్యసన ప్రగతిని తల్లిదండ్రులకు తెలుపుట ఉపాధ్యాయుల చట్టబద్ధ విధి. ఆ సమావేశములు కూలిపనుల వేళ గాక, తల్లులు రాగల వేళ జరుగునట్లు చూడుడు.

ఉపాధ్యాయునికి శిక్షణ నిచ్చుట ప్రభుత్వము పని. ఆ శిక్షణను అక్కరకు తెచ్చుకొనుట గ్రామము పని. రాబోవు సమావేశపు కార్యక్రమములో రోడ్డు, కాలువలతోపాటు ‘మన పిల్లల చదువు’ అను అంశమును గూడ చేర్చవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.