ఇంజన్ సరే... గేర్‌బాక్స్ సంగతేంటి?

టెక్సాస్‌లో ఉండే మా బావమరిది పోయిన చలికాలంలో ఫోన్ చేశాడు. గొంతులో పండగ. "బావా, పికప్‌కి 383 స్ట్రోకర్ కట్టిస్తున్నా. టార్క్ 425 పౌండ్-అడుగులు!"

వాడిది 1985 నాటి షెవర్లే పికప్. అందులో ఉన్న 305 వీ8 టార్క్ అటూఇటుగా 240. ఇక 383 అంటారా, 350 ఇంజన్ బ్లాక్ తీసుకుని, సిలిండర్లు కాస్త బోరు చేసి, 3.48 అంగుళాల స్ట్రోక్‌ని 3.75కి పెంచే క్రాంక్‌షాఫ్ట్ బిగిస్తారు. అమెరికాలో పాత బండ్ల పిచ్చోళ్లకి అది ఆవకాయ లాంటిది. ఎవరి పాళ్లు వాళ్లవి.

"గేర్‌బాక్స్ ఏం పెడుతున్నావ్?" అన్నాను.

"ఉన్నదుందిగా బావా. పోయినప్పుడు చూద్దాం."

ఈ 'పోయినప్పుడు చూద్దాం' దగ్గరే మనలో చాలామంది దొరికిపోతాం. మేనేజర్ కుర్చీ కోసం పరిగెడతాం, పని నలుగురికి పంచడం మాత్రం నేర్చుకోం. రెండో దుకాణం తెరుస్తాం, మొదటిదాని లెక్కలు ఇంకా సంచిలో చీటీలుగానే ఉంటాయి. బలం మీద ఉన్న మోజు, ఆ బలాన్ని చక్రాల దాకా మోసేదాని మీద ఉండదు.

వాడి బండిలో ఉన్నది 700ఆర్4. జనరల్ మోటార్స్ 1982లో తెచ్చిన నాలుగు గేర్ల ఆటోమేటిక్. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా అయితే 350 పౌండ్-అడుగుల దరిదాపుల వరకే దానికి హాయి. పైగా 1987కి ముందువాటి కంటే తర్వాతవే గట్టివని మెకానిక్కుల మాట. మొదటి గేరు 3.06 కాబట్టి 425 కాస్తా 1300 అవుతుంది. ఆగి ఉన్న బండి కదిలే క్షణంలో టార్క్ కన్వర్టర్ దాన్ని ఇంకా పెంచుతుంది. లోపలి క్లచ్ ప్లేట్లు జారతాయి, జారితే వేడి, వేడికి ఆయిల్ మాడుతుంది.

ఇందులో నాకు ఎంతో నచ్చిన భాగం ఒకటుంది. టీవీ కేబుల్. టెలివిజన్‌ది కాదు, థ్రాటిల్ వాల్వ్‌ది. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కారో కార్బురేటర్ దగ్గర్నుంచి గేర్‌బాక్స్‌కి చెప్పే సన్నటి తీగ అది. పైన ఎంత బరువు పడుతోందో తెలిస్తేనే కింద ఆయిల్ ఒత్తిడి దానికి తగ్గట్టు పెరుగుతుంది. కొత్త ఇంజన్, కొత్త కార్బురేటర్ పెట్టి ఈ తీగను సరిగ్గా సర్దకపోతే, బలం వచ్చిందన్న కబురే కిందికి చేరదు. ఒత్తిడి చాలక క్లచ్‌లు కాలిపోతాయి. నిక్షేపంలాంటి గేర్‌బాక్స్‌లు కూడా ఇలాగే పోతాయి. మీ ఆఫీసులో పెద్ద ఆర్డర్ వచ్చిందని గోడౌన్‌లో ఉన్నవాళ్లకి ఎవరు చెబుతారో ఓసారి కనుక్కోండి.

"అయితే టర్బో 400 పెట్టేస్తా," అన్నాడు. ఉడుకు రక్తం, వెంటనే రెండో కొసకు పోయాడు.

టర్బో-హైడ్రామాటిక్ 400 మామూలు సరుకు కాదు. 1964లో వచ్చింది. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోలో, ఫెరారీ 400లో కూడా అదే వాడారు. కానీ ఉన్నవి మూడే గేర్లు, ఓవర్‌డ్రైవ్ లేదు. "నువ్వు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ బండితో ఏం చేస్తావ్?" అని అడిగాను.

ఫ్రీవే మీద ఆఫీసుకి వెళ్లొస్తాడు. రేసులు? ఒక్కసారి చూడ్డానికి వెళ్లాడట.

లెక్క వేశాం. వెనక యాక్సిల్ 3.73, టైరు 28 అంగుళాలు, వేగం గంటకు 65 మైళ్లు. టర్బో 400తో ఇంజన్ నిమిషానికి దాదాపు 2900 సార్లు తిరగాలి. 0.70 ఓవర్‌డ్రైవ్ ఉంటే 2040 చాలు. ఈ తేడాను రోజూ చెవులూ పర్సూ భరించాలి. మనం కావాలనుకునే మనిషికి తగ్గట్టు కాక, పొద్దున్నే తాళాలు తీసుకుని బయటికి వెళ్లే మనిషికి తగ్గట్టు ఎంచుకోవాలని నా పట్టుదల. పెళ్లి షేర్వానీ వేసుకుని ఎవరూ కూరగాయలకి వెళ్లరు కదా.

మిగిలింది 4ఎల్80ఈ. టర్బో 400 మూడు గేర్ల నిష్పత్తులే, పైన 0.75 ఓవర్‌డ్రైవ్. పేరులోనే జాతకం ఉంది: నాలుగు గేర్లు, ఎల్ అంటే ఇంజన్ బండి పొడవునా అమరిక, 80 బలానికి గుర్తు, ఈ అంటే ఎలక్ట్రానిక్. దీనికి బరువెక్కువ. కార్బురేటర్ బండికైతే విడిగా కంట్రోలర్ కొనాలి. డ్రైవ్‌షాఫ్ట్ మార్పించాలి, క్రాస్‌మెంబర్ జరపాలి, ఆయిల్ కూలర్ పెట్టాలి. ఈ చిల్లర ఖర్చులు రాసేసరికి కాగితం రెండో వైపు తిప్పాల్సి వచ్చింది. తిప్పాడు, అదీ మెచ్చుకోవాల్సింది.

అన్నీ ఒకేసారి కుదరనప్పుడు ఏది ముందు? రాబోయే ఇంజన్‌కి తారీఖు, డబ్బు రెండూ ఖాయమైతే దానికి సరిపడే గేర్‌బాక్స్‌ని ముందే కొనండి. తారీఖు లేకపోతే అది కోరికే, దాని పేరు మీద వందల డాలర్లు పెట్టకండి. 700 గుర్రాల ఇంజన్ ఎప్పుడో వస్తుందని ఇప్పుడే హై స్టాల్ కన్వర్టర్ (ఇంజన్ బాగా వేగంగా తిరిగితేగానీ గట్టిగా పట్టనిది) బిగించినవాళ్లు, సాదా ఇంజన్‌తో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆయిల్ వేడెక్కించుకుంటూ తిరుగుతుంటారు. స్టాల్ స్పీడ్ కామ్‌షాఫ్ట్‌కి తోడు కుదరాలి. అంతేకానీ ప్రగల్భాలకి కాదు.

(హైదరాబాద్‌లో ఈ సరదా తీర్చుకుందామనుకునేవాళ్లు ముందు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టారాజ్యంగా మార్చనివ్వదు.)

మా బావమరిది ఇంజన్‌ని వాయిదా వేశాడు. ఇప్పుడా పికప్‌లో పాత 305 వెనక 4ఎల్80ఈ ఉంది. బరువు పెరిగి బండి ఇంకాస్త నెమ్మదించిందని వాడి కొడుకు వెక్కిరింత. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద మాత్రం వాడి చేతిరాతతో ఓ చీటీ ఉంది: '383 – అక్టోబర్'. కింద, వాళ్లావిడ రాతలో, 'డిష్‌వాషర్ – సెప్టెంబర్'.